తాతల నాటి ఇల్లు ఖాళీ చేస్తున్నారా? సామాను మాత్రం గుత్తకి ఇవ్వకండి

మీ ప్రశ్న చదివానండి. పాలకొల్లు దగ్గర పల్లెలో మీ తాతగారు కట్టించిన పెంకుటిల్లు. అమ్మగారు పోయాక తాళం పడింది. అన్నదమ్ములు ముగ్గురూ తలో ఊళ్ళో ఉన్నారు, సంక్రాంతికి అందరూ దిగుతున్నారు. ఆ పది రోజుల్లో సామానంతా తీసేసి, వేసవిలో ఇల్లు విప్పించి, స్థలం అమ్మాలని మీ ఆలోచన. ఊళ్ళో ఒకాయన "ఇంట్లో ఉన్నదంతా గుత్తకి అరవై వేలిస్తాను, తాళం చేతికిచ్చి వెళ్ళండి" అన్నాడు. పనికిరానిదంతా భోగి మంటలో వేసెయ్యొచ్చా, లేక ఊరికి చెరుపు జరక్కుండా వేరే దారి ఉందా అని అడిగారు.

నేను పాత ఇళ్ళు విప్పించి కలప, పెంకు, ఇత్తడి కొనే వ్యాపారంలోనే ఉన్నవాణ్ణి. కాబట్టి ఇది కొనేవాడి వైపు నుంచి వస్తున్న మాట అనుకోండి. గుత్తకి ఇవ్వకండి. డబ్బు తక్కువని కాదు. తక్కువేలెండి, ఆ సంగతి తర్వాత చూద్దాం.

గుత్తకి కొన్నవాడి కంటికి ఇల్లు రెండు వాటాలుగా కనబడుతుంది. ఇత్తడి, రాగి, టేకు, ఇనుము, మోటారు ఒక వాటా. లాభమంతా అందులోనే ఉంది. పరుపులు, థర్మాకోల్, పగిలిన పింగాణీ, మందు డబ్బాలు, చెదపట్టిన పుస్తకాలు, ఉబ్బిపోయిన ప్లైవుడ్ రెండో వాటా. దీన్ని ఎక్కడికి మోసినా ఆటో కిరాయి అతని జేబులోంచే పోవాలి. అందుకని చీకటి పడ్డాక అది కాలవ గట్టు మీదకో, డ్రైను వంతెన కిందకో చేరుతుంది. లేదంటే ఏ ఖాళీ చేలోనో అగ్గిపుల్ల గీస్తారు. మనిషి చెడ్డవాడని కాదు. పనికిరానిది ఎక్కడికి పోవాలన్న మాట మీ బేరంలో లేదు, అతనికి డబ్బూ ముట్టలేదు, మరి అతనెందుకు మోస్తాడు?

కాబట్టి విలువైనదాన్ని మీ చేతిలోనే ఉంచుకోండి. దాని మీద వచ్చిన డబ్బులోంచే, విలువలేనిదాన్ని చేరాల్సిన చోటికి చేర్చే ఖర్చు తీయండి. ఇక కింద రాసేదంతా ఈ పద్ధతిని మీ ఇంటికి వర్తింపజెయ్యడమే.

మెట్ట ఊళ్ళలో చెత్త తీసుకెళ్ళి ఊరి బయట గోతిలో పూడ్చేస్తే కనీసం కొన్నాళ్ళు కంటికి దూరమవుతుంది. గోదావరి డెల్టాలో మనకి ఆ వెసులుబాటు లేదు. వానాకాలంలో పలుగు నాలుగు పోట్లు దిగితే చాలు, నీరు ఊరుతుంది. పాతిపెట్టడమంటే నీళ్ళలో నానబెట్టడమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ కాలవ నీళ్ళే మన పొలానికి, చాలా ఊళ్ళలో మంచినీళ్ళ చెరువు నిండేదీ ఆ నీళ్ళతోనే. మీ గట్టున పడ్డది కింది ఊరి వాళ్ళ తూము దాకా వెళ్తుంది. వేసవిలో కాలవలు కట్టేశాక ఒకసారి అడుగు చూడండి. పరుపులు, పటాల ఫ్రేములు, సెలైన్ సీసాలు, టీవీ డొక్కులు బురదలో కూరుకుని ఉంటాయి. నీళ్ళున్నన్నాళ్ళూ గుర్రపుడెక్క వాటిని కప్పి పెడుతుంది, అంతే తేడా.

బయల్దేరకముందే రెండు పనులు చెయ్యండి. మొదటిది, పంచాయతీ కార్యదర్శికి ఫోను. ఫలానా తారీఖుల్లో ఇల్లు ఖాళీ చేస్తున్నాం, పొడి చెత్త ఎక్కువగా వస్తుంది, చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం (పంచాయతీ వాళ్ళు చెత్త వేరుచేసే షెడ్డు) నడుస్తోందా, ఏమేం తీసుకుంటారు అని అడగండి. కొన్ని ఊళ్ళలో ఆ షెడ్డు బాగా నడుస్తుంది. కొన్ని ఊళ్ళలో షెడ్డుంది, తాళమూ ఉంది. నడవకపోతే పాలకొల్లు మునిసిపాలిటీలో డబ్బు కట్టి దింపే ఏర్పాటు ఏదైనా ఉందేమో కనుక్కోవాలి. రెండోది, వేర్వేరు పట్నాల్లో ఇద్దరు ముగ్గురు పాత సామాన్ల కొట్ల వాళ్ళని ఇత్తడి, రాగి, కంచు, అల్యూమినియం, ఇనుము, పుస్తకం, అట్ట కిలో ఎంతో విడివిడిగా అడిగి రాసుకోండి. రేటు రోజూ మారుతుంది, అయినా ఆ కాయితం చేతిలో ఉంటే మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

వచ్చాక మొదటి రోజంతా కాయితాలకే. భోషాణం, ట్రంకు పెట్టెలు, గోడ బీరువా, రామాయణం పుస్తకంలో పేజీల మధ్య, దేవుడి పటం వెనకాల. దస్తావేజులు, పాస్ పుస్తకాలు, ఎల్ఐసీ బాండ్లు, పాత షేర్లు ఇలాంటి చోట్లే దొరుకుతాయి. మరిచిపోయిన బ్యాంకు డిపాజిట్లు వెతకడానికి రిజర్వు బ్యాంకు వాళ్ళ ఉద్గమ్ పోర్టల్ 2023 నుంచి ఉంది, అమ్మగారి పేరు మీద ఒకసారి చూడండి. రద్దయిన వెయ్యి, అయిదొందల నోట్లు దొరికితే పదికి మించి దగ్గర పెట్టుకోవడం 2017 చట్టం ప్రకారం నేరం, అదొకటి గుర్తుంచుకోండి. తాళపత్రాలు కనబడితే నూనె రాయకండి, ఎండలో పెట్టకండి. గుడ్డలో చుట్టి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి చోట చూపించండి. ఆధార్ జిరాక్సులు, బ్యాంకు కాయితాలు మాత్రం కట్టలకొద్దీ అమ్మెయ్యకుండా బకెట్లో రాత్రంతా నానబెట్టి, పిసికి ముద్ద చేసి ఎరువు గుంటలో వెయ్యండి.

ఇప్పుడు అసలు భయపడాల్సిన చోటుకి వద్దాం. వరి రైతు ఇంట్లో అటక మీదో, ధాన్యం కొట్లోనో, పశువుల పాక చూరులోనో పాత పురుగుమందులు ఉంటాయి. లేని ఇల్లు చాలా అరుదు. ఎండ్రిన్‌ని 1990లోనే ఆపేశారు. గమాక్సిన్ అని మనవాళ్ళు ధాన్యంలో చల్లిన బీహెచ్‌సీ పొడిని 1997లో ఆపారు. ఎండోసల్ఫాన్ అమ్మకాన్ని 2011లో సుప్రీంకోర్టు నిలిపింది. నిషేధం కాయితం మీద పడింది కానీ డబ్బా అటక మీదే ఉండిపోయింది. లేబుల్‌ని కాయితం తినే వెండిచేప పురుగులు తినేసి ఉంటాయి, అడుగు తుప్పు పట్టి కారుతూ ఉంటుంది. ఈ మందులు ఓ పట్టాన విరిగిపోయే రకం కాదు. మట్టిలో, ఒండ్రులో, చేప కొవ్వులో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. ఎండ్రిన్, ఎండోసల్ఫాన్ చేపల్ని చంపడానికి చాలా కొద్ది మోతాదు చాలు. మీ ఊరి చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్నాయి కదా, "ఖాళీ చేసి డబ్బా అమ్ముకుందాం" అని ఎవరో ఒక కుర్రాడు తూము దగ్గర కూర్చుని కడిగితే ఎవరి బతుకు మీదకి వస్తుందో ఆలోచించండి.

అంతకన్నా ప్రమాదం ధాన్యం కొట్లో దొరికే సెల్ఫాస్ బిళ్ళలు. చిన్న అల్యూమినియం గొట్టంలోనో, డబ్బాలోనో బూడిద రంగు బిళ్ళలుంటాయి. అల్యూమినియం ఫాస్ఫైడ్ అది. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. వెల్లుల్లి వాసనో, కుళ్ళిన చేప వాసనో వస్తుంది, ఒక్కోసారి ఏ వాసనా రాదు. దీనికి విరుగుడు మందు లేదు. మూత తియ్యకండి, ఊపి చూడకండి, తడి చెయ్యకండి, పడుకునే ఇంట్లో ఉంచకండి. ఎలకల మందుగా వాడిన నల్లటి జింకు ఫాస్ఫైడ్ పొడీ అదే జాతి. గొట్టం చితికి బిళ్ళలు రాలి కనబడితే ఆ గది తలుపులు, కిటికీలు బార్లా తెరిచి బయటికొచ్చి, వ్యవసాయ అధికారికి ఫోను చెయ్యండి. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి పోనివ్వకండి.

మిగతా ద్రవం మందుల పని పొద్దుటిపూట గాలి వీచేటప్పుడు, రబ్బరు తొడుగులు, మాస్కు వేసుకుని చెయ్యండి. కారుతున్న డబ్బాని మూతున్న ప్లాస్టిక్ బకెట్లో నిలబెట్టి చుట్టూ పొడి ఇసుక పోయండి. ఒక మందు ఇంకో మందులో కలపకండి. బకెట్ మీద విషం అని పెద్దక్షరాలతో రాసి, ఫొటోలు తీసి, ఏవి ఎన్ని ఉన్నాయో కాయితం మీద పెట్టి, వ్యవసాయ అధికారికీ కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికీ రాతపూర్వకంగా ఇవ్వండి. వెంటనే ఎవరూ వ్యాను వేసుకుని రారు, ఆ మాట నిజం. వచ్చేదాకా తాళం వేసిన పొడి చోట, మనుషులు మసలని చోట ఉంచాల్సిందే. పాత సామాన్లవాడి చేతికి మాత్రం ఖాళీ డబ్బా కూడా ఇవ్వకండి. అది రేపు ఎవరింటి మంచినీళ్ళ డ్రమ్మో అవుతుంది. ఖాళీదైనా సరే మేకుతో చిల్లులు పొడిచి ఆ మందుల పక్కనే పెట్టండి.

ఇక ఆ అరవై వేల బేరం. మీరు రాసిన చిట్టాలో ఇత్తడి గుండిగలు, గంగాళం, బిందెలు, మరచెంబులు, దీపపు సెమ్మెలు, "కొన్ని పాత కంచాలు" ఉన్నాయి. ఒక్క ఇత్తడినే కాటా వేయించండి, ఆ అంకెలో చాలా భాగం అక్కడే తేలుతుందని నా అంచనా. "కొన్ని పాత కంచాలు" అని తేలిగ్గా రాశారు గానీ, అవి కంచువైతే వాటిని విడిగా చూడాలి. ఇత్తడి అంటే రాగిలో జింకు, కంచు అంటే రాగిలో తగరం. తగరం ధర రాగికన్నా చాలా ఎక్కువ. కొట్టువాడు మాత్రం అన్నీ ఒకే గోతంలో పడేసి "ఇత్తడి ఇంత" అంటాడు. మా వ్యాపారంలో ఇది కొత్త ఎత్తేం కాదు. కంచాన్ని అయిదు వేళ్ళ కొసల మీద నిలబెట్టి అంచు మీద చెంచాతో ఒక్కటి కొట్టండి. కంచయితే గుడి గంటలా సాగుతుంది మోత, చెయ్యి వేస్తేగానీ ఆగదు. ఇత్తడి ఠంగుమని అక్కడికక్కడే ఆగిపోతుంది. కిందపడితే ఇత్తడి సొట్టపోతుంది, కంచు బీటలిస్తుంది. అంచున సన్నటి బీట ఉన్న కంచం దొరికితే అది కంచేనని చాలావరకు అనుకోవచ్చు, తూకం విడిగా వేయించండి.

గిన్నెల పక్కల మీద చుక్కల అక్షరాలతో పేర్లు కొట్టించి ఉంటాయి, వెలుతురులో తిప్పి చూడండి. ఎవరి పెళ్ళికి ఎవరు పెట్టారో, ఏ సంవత్సరమో అందులో ఉంటుంది. మీ మేనత్తగారి పేరున్న బిందె తూకానికి వేసేస్తే ఆ మాట ఆవిడ చెవిన పడకుండా ఉండదు. ముందు బంధువులందర్నీ ఒక పూట పిలిచి, ఎవరి పేరున్నది వాళ్ళకిచ్చెయ్యండి. వాడుకునే చేతికి చేరిన గిన్నె కరిగించిన గిన్నెకన్నా మేలు, దానికి బొగ్గూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. అన్నసమారాధన చేసే గుడులవాళ్ళు పెద్ద గుండిగలు సంతోషంగా పట్టుకెళ్తారు, కళాయి పెట్టించుకోమని మాత్రం చెప్పండి. మిగిలింది అమ్మాలంటే అజ్జరం దగ్గరే కదా మీకు. ఇత్తడి పనికి పేరున్న ఊరు, పాత ఇత్తడి విలువ తెలిసినవాళ్ళు. అక్కడ ఒకసారి అడిగి చూశాక కొట్టువాడితో మాట్లాడండి.

గోడకి దుప్పి కొమ్ములు ఉన్నాయన్నారు. అవి అమ్మకానికి పెట్టకండి, ఎవరికీ బహుమతిగానూ ఇవ్వకండి. 1972 వన్యప్రాణి చట్టం కిందకి వస్తాయి. అటవీశాఖ వాళ్ళకి తెలియజేసి అప్పగించడమే మంచిది. వందేళ్ళు దాటిన విగ్రహం లాంటిది ఏదైనా కనబడినా ఊరి మీదకొచ్చే "యాంటిక్ కొంటాం" బ్యాచికి చూపించకండి, పురావస్తువుల చట్టం వేరే ఉంది.

ఫ్రిజ్ విషయంలో కొట్టువాళ్ళు చేసే మొదటి పని గ్యాసు గొట్టం పుటుక్కున తెంపడం. రాగి, కంప్రెసర్ వాళ్ళకి కావాలి, గ్యాసు గాల్లోకి పోతుంది. వెనకాల కంప్రెసర్ మీద చీటీ చూడండి. ఆర్-12 అని ఉంటే ఓజోన్ పొరని తినే పాత గ్యాసు. ఆర్-134ఏ అయితే ఓజోన్‌కి చెరుపు లేదు గానీ, వందేళ్ళ లెక్కలో ఒక కిలో గాల్లో కలిస్తే సుమారు 1,430 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వదిలినంత వేడి చేస్తుంది. ఆర్-600ఏ అయితే అంటుకునే గ్యాసు, దాని దగ్గర కట్టర్ పెట్టనివ్వకండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాల ప్రకారం పాత సామాను రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలది. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోను చేసి వెనక్కి తీసుకుంటారా అని అడగండి. లేకపోతే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదైన రీసైక్లర్ల జాబితా ఉంది. పల్లె దాకా రమ్మంటే రారు కాబట్టి మీ ఒక్క ఫ్రిజ్ కోసం కాకుండా, వీధిలో పాడైన టీవీలు, మిక్సీలు, మోటార్లు పోగు చేసి ఒక ట్రిప్పు చెయ్యండి. సంక్రాంతికి అందరూ ఊళ్ళోనే ఉంటారు, ఇంతకన్నా వీలైన రోజులు దొరకవు.

వెనక డొక్కున్న పాత టీవీని పగలగొట్టనివ్వకండి, ఆ గాజులో సీసం ఉంది. వైర్లు కాల్చి రాగి తీసే పనీ మీ పెరట్లో జరగనివ్వకండి. ఆ ప్లాస్టిక్ పొగలో డయాక్సిన్లుంటాయి. తొక్క ఒలిచే యంత్రం ఉన్న కొట్టువాడికే అమ్మండి. ఇన్వర్టర్ బ్యాటరీ కొన్న షాపుకే వెనక్కిస్తే డబ్బు కూడా తగ్గిస్తాడు. ఆసిడ్ డ్రైనులో వంపి బరువు తగ్గించి పట్టుకెళ్ళేవాళ్ళున్నారు, అలాంటివాడికి అసలు ఇవ్వకండి. ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు పగలకుండా పాత అట్ట గొట్టాల్లో పెట్టి ప్రమాదకర చెత్త కింద విడిగా ఇవ్వాలి, వాటిలో కాస్త పాదరసం ఉంటుంది.

అమ్మగారి మందుల పెట్టె విడిగా పెట్టండి. ఇన్సులిన్ సూదులుంటే గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, టేపు చుట్టి ఇవ్వండి. చెత్త బండి మీద పనిచేసేవాళ్ళు ఒట్టి చేతులతో ఏరుతారు.

బట్టల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. నూలు చీరలు బొంతలు కుట్టేవాళ్ళకి, దుప్పట్లు పశువుల పాకలున్నవాళ్ళకి. పాత పట్టుచీరలకి వెండి జరీ ఉంటుందని వీధుల్లోకి వస్తారు కొనడానికి, వాళ్ళు పట్టు కాల్చేసి వెండి తీసుకుంటారు. ఇంట్లో ఆడవాళ్ళు చూసుకున్నాకే ఆ మాట. బూరుగు దూది దిండ్లు, పరుపులు పారెయ్యకండి, విప్పి ఎండలో పోసి ఏకించుకుంటే మళ్ళీ పనికొస్తాయి. ఫోము పరుపులే తలనొప్పి. ఎవరూ కొనరు, పంచాయతీ షెడ్డు వాళ్ళూ మొహం తిప్పుకుంటారు. ఒక పని చెయ్యొచ్చు: పైగుడ్డ తీసేసి ఫోమును ముక్కలు కోసి, సోఫాలు, సీట్లు కుట్టేవాళ్ళని అడిగితే లోపల కూరడానికి తీసుకుంటారు. అప్పటికీ మిగిలితే, ఇందాక చెప్పిన ఇత్తడి డబ్బుతో మునిసిపాలిటీకి కిరాయి కట్టి పంపాల్సింది ఇలాంటివే.

పచ్చడి జాడీలు గాజుతో కలపకండి. పింగాణీ గాజు కరిగే వేడికి కరగదు, ఒక్క పెంకు పడితే ఆ గాజు సరుకంతా పాడు. బాగున్న జాడీలకి ఈ రోజుల్లో గిరాకీ ఉంది, పగిలినవి మెరకలోకి (స్థలం ఎత్తు పెంచడానికి పోసే మట్టిలోకి) పనికొస్తాయి. రుబ్బురోలు, సన్నికల్లు ఎవరూ మోసుకెళ్ళరు. ఉంచితే బోర్లించి ఉంచండి, నీళ్ళు నిలిస్తే దోమలు.

మీరు అడగలేదు గానీ, పది రోజుల్లో మీరు చిక్కుకుపోయేది దేవుడి పటాల దగ్గర. పాత ఇంట్లో గోడనిండా ఉంటాయి. అమ్మలేరు, చెత్తలో వెయ్యలేరు. అందరూ చేసేదేమంటే గుడి దగ్గర రావిచెట్టు మొదట్లో పెట్టి దణ్ణం పెట్టుకుని వచ్చెయ్యడం, లేదా మూటకట్టి కాలవలో వదలడం. రావిచెట్టు కిందవి వానకి తడిసి, గాజు పగిలి, పిల్లల కాళ్ళకి గుచ్చుకుంటాయి. కాలవలోవి ఇందాక చెప్పిన బురదలో తేలతాయి. పటం అంటే నాలుగు వస్తువులు: గాజు, చెక్క ఫ్రేము, వెనక అట్ట, బొమ్మ. బోర్లా పెట్టి వెనక మేకులు శ్రావణంతో తీస్తే అయిదు నిమిషాల పని. గాజు గాజులోకి, ఫ్రేము కలపలోకి. మిగిలింది ఒక్క కాయితం బొమ్మ. దాన్ని ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి నిమజ్జనం చేసి, కరిగిన ముద్ద పెరట్లో తులసి పాదులోనో కొబ్బరి పాదులోనో వెయ్యండి. రంగుల పూత గట్టిగా ఉన్న కొత్త ప్రింట్లు, ప్లాస్టిక్ లామినేషన్ ఉన్నవీ కరగవు, వాటిని విడిగా పొడి చెత్తలోనే ఇవ్వాలి. మనసు ఒప్పకపోతే మీ పురోహితుణ్ణి అడిగి ఉద్వాసన చెప్పించుకోండి, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా ఊరుకుంటారు. పాత తంజావూరు పటం లాంటిదేమైనా ఉంటే మాత్రం విప్పకండి.

భోగి మంట సంగతి. పిడకలు, తాటి మట్టలు, కొబ్బరి డొక్కలు, చెద తిన్న, రంగు వెయ్యని కలప ముక్క వెయ్యండి, ఎవరూ కాదనరు. రంగు వేసిన తలుపు మాత్రం వద్దు. 2017 చివర్లో కొత్త నిబంధన వచ్చేదాకా మన ఇళ్ళ ఎనామిల్ రంగుల్లో సీసం దండిగా ఉండేది. మీ ఇంటి పచ్చరంగు తలుపులు అంతకు ఎన్నేళ్ళ ముందువో మీకే తెలుసు. కాలిస్తే ఆ సీసం పొగలోకి, బూడిదలోకి వస్తుంది, మర్నాడు అదే బూడిద ఎవరో కూరపాదుల్లో చల్లుతారు. ప్లైవుడ్, సన్‌మైకా, ఫోము, టైరు, పాత చెప్పులు కూడా అంతే. నీళ్ళ కాగు కింద పెట్టడమూ కాల్చడమే, ఆ పొగ ముందు ఇంట్లోవాళ్ళే పీలుస్తారు.

ఇల్లు విప్పడం వేసవిలో కదా, అప్పుడు కూడా గుత్త మాటే వస్తుంది: "కలప మాకిచ్చెయ్యండి, పడగొట్టే ఖర్చు మేం చూసుకుంటాం" అని. టేకు ద్వారబంధాలు, స్తంభాలు, దూలాలు ఒక్కొక్కటీ కొలిచి, ఫొటో తీసి, అడితీల్లో రేటు కట్టించాకే మాట్లాడండి. దూలాన్ని దూలంగా కొనేవాడికి అమ్మితే మంచిది. కోసి చిన్న సైజులు చేస్తే విలువ సగం రంపపు పొట్టులో పోతుంది. తాటి వాసాలు పాకలకి పనికొస్తాయి. మంగళూరు పెంకులు ఒకటొకటిగా దింపించండి, రిసార్టులవాళ్ళు, ఫామ్‌హౌసుల వాళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు. మీ తాతగారి కాలం గోడలు సున్నపు గారతో కట్టినవైతే అదృష్టమే. సున్నం సుత్తితో తడితే రాలిపోతుంది, ఇటుక చెక్కుచెదరకుండా వస్తుంది. సిమెంటుతో కట్టిన గోడలో అలా రాదు, ఇటుకే విరుగుతుంది. అందుకని జేసీబీ పెట్టకండి, మనుషుల్ని పెట్టండి. కూలి ఎక్కువే, అమ్మిన ఇటుకలతో చాలావరకు తిరిగొస్తుంది.

మిగిలిన రాళ్ళూ రప్పలూ మట్టీ మన ప్రాంతంలో చెత్త కాదు. ఇల్లు కట్టేవాడు ప్రతివాడూ మెరక కోసం మట్టి కొంటున్నాడు, అడిగితే ట్రాక్టరు అతనే పెట్టుకుని పట్టుకెళ్తాడు. షరతు ఒకటే: అందులో ప్లాస్టిక్, గాజు, వైరు ముక్కలు ఉండకూడదు. ఇంటి సామాను పూర్తిగా తీసేశాకే గోడ మీద సుత్తి పడాలి.

పశువుల పాక మీద సిమెంటు రేకులున్నాయన్నారు. పాతవి ఆస్బెస్టాస్ రేకులే అయ్యుంటాయి. విరగనంతవరకు పెద్ద హాని లేదు. విరిచినప్పుడు, కోసినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనపడని పీచు ఊపిరితిత్తుల్లో దిగి, దశాబ్దాల తర్వాత జబ్బు చేస్తుంది. నీళ్ళు చల్లి తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దింపించండి. పై నుంచి విసరనివ్వకండి. పనివాళ్ళకి గుడ్డ ముక్క చాలదు, ఎన్-95 కూడా చాలదు, పీ-100 రకం మాస్కులు కొనివ్వండి. వాటిని చితక్కొట్టి మెరకలో కలపడం మన దగ్గర మామూలైపోయింది, అది మాత్రం జరగనివ్వకండి. విరిగినవి దళసరి ప్లాస్టిక్ పట్టాలో చుట్టి కట్టించి విడిగా పెట్టించండి, మందుల డబ్బాలతో పాటు కాలుష్య మండలివాళ్ళకి రాసే ఉత్తరంలో వీటినీ చేర్చండి.

చివరిగా పెరట్లో నుయ్యి. స్థలం కొనేవాడు పూడ్చెయ్యమంటాడు, పనివాళ్ళకేమో చేతికి దగ్గర్లో ఉన్న పెద్ద చెత్తకుండీ అదే. పగిలిన బకెట్లు, గుడ్డలు, రంగు డబ్బాలు అందులో పడేసి పైన మట్టి పోస్తారు. మీ నూతి నీళ్ళూ పక్కింటి బోరు నీళ్ళూ ఒకే ఊట. పూడ్చడమే ఖాయమైతే కింద శుభ్రమైన ఇసుక, పైన బంకమట్టి పోయించి, ఆ పని జరుగుతున్న రోజు మీ ముగ్గురిలో ఎవరో ఒకరు అక్కడ నిలబడి ఉండేలా చూసుకోండి.